మాస్టారి కుర్చీ

2024 మార్చిలో మాస్టారికి పక్షవాతం వచ్చింది. విజయనగరంలో మేము నడిపే తాగుడు మాన్పించే కేంద్రానికి ఆయనే వ్యవస్థాపకుడు, ఆయనే కార్యదర్శి, ఆయనే పెద్ద కౌన్సెలరు, అవసరమైతే రాత్రి కాపలాదారు కూడా ఆయనే. నేను కోశాధికారిని. బ్యాంకులో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాను కాబట్టి ఆ పదవి నాకు అంటగట్టారు. చెక్కుల మీద రెండో సంతకం పెట్టడం, ఏడాదికోసారి ఆడిటరు ముందు కూర్చోవడం తప్ప ఆ ఇంట్లో నాకు వేరే పని ఉండేది కాదు. ఆసుపత్రికి చూడబోతే ఆయన ఎడమ చేత్తో దిండు కింద తడిమి తాళంచెవుల గుత్తి తీసి నా ఒళ్ళో పడేశారు. కుడి చెయ్యి లేవడం లేదు, మాట ముద్దముద్దగా వస్తోంది. "పది రోజులు" అన్నట్టు వినిపించింది. పది రోజులే కదా అని జేబులో వేసుకున్నాను.

ఆ గుత్తి గురించి కొంచెం చెప్పాలి. నల్లటి బూటు తాడుకి కట్టిన పదకొండు తాళంచెవులు. బయటి గేటుకి ఒకటి, మేడమెట్ల దగ్గరి ఇనుప తలుపుకి ఒకటి, మందుల బీరువాకి రెండు, వంటింట్లో కత్తులు పెట్టే సొరుగుకి ఒకటి, చేరినవాళ్ళ ఫోన్లు దాచే పెట్టెకి ఒకటి, ఇలా. ఫినాయిలు, శానిటైజరు పెట్టే అలమరకి కూడా ఒకటి ఉంది. ఫినాయిలుకి తాళమెందుకని నవ్వితే, అందరూ పిన్ని అని పిలిచే వంటావిడ "కురిచేడు మరిచిపోయారా బాబూ" అంది. 2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు తాగి మనుషులు చనిపోయిన వార్త నేనూ పేపర్లో చదివాను. చదివి పక్కన పెట్టాను. ఇక్కడ మాత్రం ఆ వార్తకి ఒక తాళం వేసి ఉంచారు. పదకొండో తాళంచెవి దేనిదో ఎవరికీ తెలియదు. ఇప్పటికీ తెలియలేదు.

కేంద్రం నెల్లిమర్ల వైపు వెళ్ళే దారిలో ఒక అద్దె ఇల్లు. కింద ఆఫీసు, వంటిల్లు, కౌన్సెలింగు గది. పైన పదిహేను మంచాలు. ఇద్దరు నర్సులు, ఇద్దరు కౌన్సెలర్లు, వార్డు చూసుకునేవాళ్ళు ముగ్గురు, పిన్ని, ఊడ్చి తుడిచే ఆవిడ, వారానికి మూడుసార్లు వచ్చి వెళ్ళే సైకియాట్రిస్టు. చేరేవాళ్ళలో జనపనార మిల్లు కార్మికులు, భోగాపురం, పూసపాటిరేగ వైపు మత్స్యకారులు, తాపీమేస్త్రీలు, ఆటో డ్రైవర్లు, అడపాదడపా ఒక పంతులు. ఈ మధ్య గంజాయి కుర్రాళ్ళు ఎక్కువవుతున్నారు. కట్టగలిగినవాళ్ళ దగ్గర ఫీజు తీసుకుంటాం, కట్టలేనివాళ్ళ ఖర్చు విరాళాల మీద నడుస్తుంది. అంటే నడవాలి.

మాస్టారి బలమంతా ఆయన తాగుడు. లెక్కల పంతులుగా పనిచేస్తూ పదిహేనేళ్ళు తాగారు. 1995 జనవరిలో రాష్ట్రమంతటా మద్యనిషేధం పెట్టినప్పుడు కూడా మానలేదు. "ఒడిశా సరిహద్దు ఎంత దూరమో ఎక్సైజు వాళ్ళకంటే నాకే బాగా తెలుసు" అనేవారు. 1997లో నిషేధం ఎత్తేశారు, ఆ తర్వాత రెండేళ్ళకి ఈయన మానేశారు. భర్తను తాగుడుకి పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో మద్రాసులో మొదలుపెట్టిన టీటీకే ఆసుపత్రి గురించి ఎవరో చెబితే వెళ్ళి నెల రోజులు ఉండి వచ్చారు. అక్కడ రాసుకున్న నోటుపుస్తకమే మా కేంద్రానికి పునాది. కొత్తగా చేరినవాడు మంచం మీద లేచి కూర్చుని "మీకేం తెలుసు?" అని ఎదురు తిరిగితే, "రా, ముందు నా సంగతి విను" అనేవారు. ఇక అవతలివాడికి మాట ఉండేది కాదు.

నేనో, పెళ్ళిళ్ళలో కూడా ముట్టనివాడిని. పైగా సర్వీసులో ఉండగా ఒక బారు యజమానికి వ్యాపారానికి వాడుకునే క్యాష్ క్రెడిట్ అప్పు మంజూరు చేశాను. నా ముప్ఫై నాలుగేళ్ళలో అంత శుభ్రంగా నడిచిన ఖాతా ఇంకొకటి లేదు.

కుర్చీలో కూర్చున్న మూడో రాత్రే అసలు సంగతి తెలిసింది. గజపతినగరం దగ్గరి ఊరి నుంచి ఒక తాపీమేస్త్రీ చేరాడు. నలభై అయిదేళ్ళుంటాయి. మొదటి రోజు చేతులు వణికాయి, చెమటలు పోశాయి, అంతే. మానేసిన మూడో రాత్రి ఒంటి గంటకి నర్సు ఫోను చేసింది. నేను వెళ్ళేసరికి అతను మంచం పక్కన గొంతుకూర్చుని గోడ కడుతున్నాడు. చేతిలో ఏమీ లేదు. ఎడమ చేత్తో ఇటుక తీస్తాడు, కుడి చేత్తో సిమెంటు పాముతాడు, ఇటుక పెడతాడు, తాపీ వెనక వైపుతో రెండు దెబ్బలు కొడతాడు, ఒక కన్ను మూసి వరస చూసుకుంటాడు. ఒళ్ళు కాలిపోతోంది. "ఒరేయ్, మాలు ఏదిరా" అని అరుస్తున్నాడు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. వార్డు చూసుకునే అతను మాత్రం వెళ్ళి ఎదురుగా కూర్చుని "ఇదిగో మేస్త్రీ" అంటూ గాలిలోంచి ఇటుకలు అందించడం మొదలుపెట్టాడు. ఇటుక అందిస్తూనే రెండో చేత్తో అతని మణికట్టు పట్టుకుని నర్సుకి చూపించాడు. ఆమె ముందు థయమిన్, అంటే బి1 విటమిన్, ఇంజెక్షను చేసి, ఆ తర్వాతే సెలైను పెట్టింది. గ్లూకోజు ముందు ఎక్కిస్తే మెదడుకి ప్రమాదమట, ఆ వరస తప్పకూడదట. ఫోనులో డాక్టరు ఒకటే మాట అన్నారు: జ్వరం, భ్రమ రెండూ ఉన్నాయంటే ఇది మీరు చూసే కేసు కాదు, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. తెల్లవారుజామున నాలుగింటికి ఆటోలో తీసుకెళ్ళాం. బతికాడు.

పొద్దున్న అతని భార్య వచ్చింది. రాత్రంతా గోడ కట్టాడమ్మా అని చెప్పాను. "మా ఇంటి వెనక గోడ పడిపోయి నాలుగేళ్ళయింది బాబూ. ఇక్కడ కట్టాడా?" అంది.

ఆ వారమే ఒక కాగితం మీద నియమాలు రాసి గోడకి అతికించాను. గతంలో ఫిట్స్ వచ్చినవాళ్ళు, పచ్చకామెర్లు ఉన్నవాళ్ళు, మానేసినప్పుడు ఒకసారి ఇలా మతి తప్పినవాళ్ళు ముందు పెద్దాసుపత్రిలో చేరి, డాక్టరు సరేనన్నాకే మా దగ్గరికి రావాలి. మాస్టారి బావమరిది మా కార్యవర్గ సభ్యుడు. ఆయన ఆ కాగితం చదివి "మా బావ ఇరవై ఏళ్ళలో ఒక్కడిని వెనక్కి పంపలేదు" అన్నారు. నిజమే, పంపలేదు. ఆ ఇరవై ఏళ్ళలో ఎన్నిసార్లు అదృష్టం కలిసొచ్చిందో మాత్రం ఎక్కడా రాసిలేదు.

రాసి ఉన్నవాటి సంగతీ అంతే. కార్యవర్గ సమావేశాల మినిట్స్ పుస్తకం తీశాను. తీర్మానాలన్నీ మాస్టారి చేతిరాతే. పుస్తకం చివర ఆరు పేజీలు ఖాళీగా ఉన్నాయి, వాటి కింద అందరి సంతకాలూ ఉన్నాయి. ముందే పెట్టించి ఉంచుకున్నారు! అందులో నా సంతకం కూడా ఉంది. రుణగ్రహీతల చేత ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టించవద్దని ముప్ఫై నాలుగేళ్ళు కింది ఉద్యోగులకి చెప్పినవాడిని నేను. ఆ పేజీలు అడ్డంగా కొట్టేసి తేదీ వేశాను. మిగతా కాగితాల గోల, పన్ను మినహాయింపు నమోదు పునరుద్ధరణ, కంపెనీలు సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఇచ్చే విరాళాలు అందుకోవాలంటే 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరైన సీఎస్ఆర్-1 ఫారం, ఇవన్నీ ఒక వేసవిలో తేలిపోయాయి. నాకు చేతనైన పని అదొక్కటే. చేస్తున్నంతసేపూ హాయిగా ఉండేది కూడా.

హాయి పోగొట్టింది మాత్రం ఆ సీఎస్ఆరే. ఒక కంపెనీ నుంచి ఇద్దరు కుర్రవాళ్ళు వచ్చారు. దేశంలో తాగుడు సమస్యగా మారి సాయం అవసరమైనవాళ్ళు 5.7 కోట్లని 2019లో ఎయిమ్స్ వాళ్ళ సర్వే చెప్పిన అంకె నేను గడగడా అప్పజెప్పాను. వాళ్ళు తలలూపి, గోడమీది బోర్డు చూపించి "నూటికి ఎనభై మంది విముక్తి అని రాశారు, దానికి ఆధారం ఇవ్వగలరా?" అన్నారు. ఆ బోర్డు అక్కడ పదేళ్ళుగా ఉంది. మాస్టారిని అడిగాను. అప్పటికి ఇంటికి వచ్చేశారు, మాట కొంచెం తేరుకుంది. "నెల పూర్తిచేసి వెళ్ళినవాళ్ళు ఎనభై మంది" అన్నారు. అంటే ఇంటికి వెళ్ళేటప్పుడు తాగి లేరని లెక్క. నెల రోజులు తాళంలో ఉన్నవాడు తాగి ఎలా ఉంటాడు?

అంతకు ముందు ఏడాది రిజిస్టరులో నూట పద్దెనిమిది పేర్లున్నాయి. చిన్న కౌన్సెలరు, నేను పంచుకుని రోజూ సాయంత్రం ఫోన్లు చేశాం. ఆరు వారాలు పట్టింది. ఈ ఫోన్ల విద్య నాకు బాగా వచ్చనుకున్నాను, మొండి బకాయిల వసూలు చేసినవాడినే కదా. తేడా రెండో రోజుకే అర్థమైంది. "మానేశాను బాబూ, మీ దయ" అని అతను చెప్పే గొంతు వెనక ఇంకో గొంతు "ఏం మానేశాడు" అంటుంది. చిన్న కౌన్సెలరు తెలివైన అమ్మాయి. మొదటి వారం తర్వాత ఆమె మధ్యాహ్నం పూట, మగవాళ్ళు పనిలో ఉండే వేళ చెయ్యడం మొదలుపెట్టింది. అంకెలు అక్కడి నుంచి దిగిపోయాయి. కొన్ని నంబర్లు పనిచెయ్యలేదు. ఒక నంబరులో చిన్నపిల్ల ఎత్తి "నాన్న ఫొటోలో ఉన్నాడు" అంది. ఆ సాయంత్రం ఇక చెయ్యలేదు. చివరికి తేలింది: భార్యగాని తల్లిగాని "అవును, ముట్టడం లేదు" అన్నవాళ్ళు నలుగురిలో ఒకరు. ఇంకొందరు తగ్గించారు, పనికి వెళుతున్నారు, కొట్టడం లేదు. వాళ్ళని ఏ గళ్ళో వెయ్యాలో బ్యాంకు నాకు నేర్పలేదు. కొట్టడం మానేశాడు అని చెప్పిన ఆవిడ దృష్టిలో అదే పెద్ద విముక్తి.

బోర్డు తీయించేశాను. కంపెనీ వాళ్ళకి ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను. వాళ్ళు మర్యాదగా వేరే చోటు వెతుక్కున్నారు. ఆ నెల జీతాలు పద్దెనిమిదో తేదీన ఇచ్చాం. బావమరిది గారు "నిజాయితీకి అద్దె ఎంతండీ?" అని అడిగారు. మాట బాగుంది, నాకు కోపం కూడా రాలేదు. ఎందుకంటే ఆ అద్దె నేను కట్టలేదు, పద్దెనిమిదో తేదీ దాకా ఆగిన పిన్ని కట్టింది.

ఇక గేటు సంగతి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో చేశారు, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మద్యం, మత్తుమందుల వాడకంతో వచ్చే మానసిక స్థితులను కూడా ఆ చట్టం మానసిక అనారోగ్యంలోనే చేర్చింది. కాబట్టి మాలాంటి కేంద్రాలకూ అది వర్తిస్తుంది, రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదు కావాలి. నేను దాన్ని రుణ ఒప్పందం చదివినట్టు పెన్సిలు పెట్టుకుని చదివాను. 86వ సెక్షను కింద మనిషి తనంతట తాను చేరితే, వెళ్ళిపోతానన్నప్పుడు పంపెయ్యాలి. మరీ అనుమానం ఉంటే 24 గంటలు ఆపి పరీక్షించవచ్చు, అంతే. తన నిర్ణయం తాను తీసుకోలేని స్థితిలో ఉంటే 89వ సెక్షను. అతని తరఫు ప్రతినిధి దరఖాస్తు ఇవ్వాలి, ఒక సైకియాట్రిస్టు, ఇంకొక నిపుణుడు విడివిడిగా చూడాలి, అప్పుడు కూడా 30 రోజులకి మించి కాదు. మా దగ్గరున్న ఫారంలో ఏముంది? "నా భర్తను మీకు అప్పగిస్తున్నాను, ఏం జరిగినా నాదే పూచీ" అని, కింద భార్య వేలిముద్ర. చేరినవాడి సంతకానికి చోటే లేదు.

కార్యవర్గంలో గొడవవుతుందని తెలుసు, అయింది. గేటు తీస్తే సాయంత్రానికి మంచాలు ఖాళీ అన్నారు. దానికి సమాధానం చెప్పగలిగాను. చెప్పలేకపోయింది గురువారం సమావేశంలో. ఆ రోజు ఇంటి ఆడవాళ్ళు వస్తారు. పగలు గేటుకి తాళం ఉండదు అని చెప్పగానే గది ఒక్కసారి నిశ్శబ్దమైంది. పూసపాటిరేగ దగ్గరి చింతపల్లి వైపు నుంచి వచ్చిన ఒక మత్స్యకారుడి భార్య లేచింది. చెవులకి దుద్దులు లేవు, వాటి చోట చీపురుపుల్లలు పెట్టుకుంది. "దుద్దులు తాకట్టు పెట్టి తెచ్చి మీకు అప్పజెప్పాను. మీరు గేటు తీసి పంపేస్తారా? ఈ నెల్లాళ్ళే బాబూ నేను నిద్రపోయేది" అంది.

ఆ తాళం లోపలున్నవాళ్ళ కోసం అనుకుంటూ వచ్చాను నేను. చట్టం కూడా వాళ్ళ హక్కుల గురించే చెబుతుంది, సరిగానే చెబుతుంది. కానీ ఆ గదిలో ఉన్న పన్నెండు మంది ఆడవాళ్ళకి అది వాళ్ళ ఇంటి తలుపు తాళం. ఆమెకి నేను ఏమీ చెప్పలేకపోయాను. చెయ్యగలిగినవి చేశాం: మధ్యలో వెళ్ళిపోతే మిగిలిన రోజుల డబ్బు లెక్కకట్టి ఇంటావిడ చేతికే తిరిగిస్తాం, అతను గేటు దాటిన నిమిషం ఆమెకి ఫోను వెళుతుంది, భయమున్న ఇంటికి ఆ రాత్రి ఎవరు తోడుండాలో ముందే రాసుకుంటాం. ఇది ఆమె అడిగినదానికి జవాబు కాదని నాకు తెలుసు. ఆ సమావేశం చివర్లో ఇద్దరు, ముగ్గురు దగ్గరికి వచ్చి, తెలియకుండా అన్నంలో కలిపే పొడి ఏదైనా ఇమ్మని మెల్లగా అడిగారు. ఎప్పుడూ అడుగుతారు. ఆ పొడి అంటే డైసల్ఫిరమ్, అది పడ్డాక మద్యం తాగితే గుండె దడ, రక్తపోటు పడిపోవడం, ప్రాణం మీదికే రావచ్చు, తెలిసి వేసుకునేవాడికే డాక్టరు ఇస్తారు అని పెద్ద నర్సు ఎప్పటిలాగే చెప్పింది. వాళ్ళు ఎప్పటిలాగే నమ్మనట్టు చూశారు.

సెప్టెంబరులో గేటు తీశాం. మొదటి వారం ఇద్దరు వెళ్ళిపోయారు. ఒకడు సందు చివరిదాకా వెళ్ళి టీ తాగి వెనక్కి వచ్చాడు. ఎందుకొచ్చావంటే "తాళం వేశారేమో చూద్దామని" అన్నాడు.

తర్వాత పండగ వచ్చింది. విజయనగరంలో ఉన్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు, పైడితల్లమ్మ సిరిమాను, అంటే పూజారిని కూర్చోబెట్టిన పొడవాటి మాను ఊరేగింపు, దసరా తర్వాతి మంగళవారం, ముందురోజు సోమవారం తొలేళ్ళ పండగ. 2024లో అవి అక్టోబరు 14, 15. చుట్టుపక్కల ఊళ్ళన్నీ పట్నంలోనే ఉంటాయి. ఇంటింటికీ చుట్టాలు, చుట్టాలతోపాటు సీసాలు. మాస్టారి కాలంలో ఆ రెండు రోజులూ గేటుకి రెండో తాళం పడేది. ఇప్పుడు పదిహేను మందిలో ఏడుగురు వెళతామన్నారు. చట్టప్రకారం నేను ఆపలేను. చిన్న కౌన్సెలరు వాళ్ళని ముందురోజు కూర్చోబెట్టి ఒక్కొక్కరి చేత ఒక కాగితం రాయించింది: ఏ వీధిలో నడుస్తావు, ఎవరింట్లో తింటావు, మీ బావ గ్లాసు అందిస్తే ఏమంటావు. రాయడం రానివాళ్ళు చెబితే తను రాసింది. అందులో ఒకతను అంతా చెప్పి, చివరికి "ఇంత ఉంటే నేను వెళ్ళను" అని ఆగిపోయాడు.

ఆరుగురు వెళ్ళారు. మంగళవారం రాత్రి తొమ్మిదింటికి రావాలని ఒప్పందం. గుడికీ కోటకీ మధ్య సిరిమాను మూడుసార్లు తిరిగేది చూసి జనం విరగబడి వస్తుంటే నేను గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తొమ్మిదిలోపు నలుగురు వచ్చారు. ఒకరు రాలేదు, వారం తర్వాత భార్యతో వచ్చాడు. ఆరోవాడు పదిన్నరకి వచ్చాడు, తాగి. చేతిలో జీళ్ళ పొట్లం. "చెప్పిన టైముకి రాలేదు, తప్పే. తోసెయ్యండి బాబూ" అని గేటు బయటే నిలబడ్డాడు. మాస్టారి నియమం ప్రకారం ఒకసారి జారితే బయటికే. పైన పదమూడు మంది కిటికీల్లోంచి చూస్తున్నారు. లోపలికి రమ్మన్నాను. అది మంచి నిర్ణయమని ఆ క్షణంలో నాకేమీ నమ్మకం లేదు. వర్షం పడేలా ఉంది, అతను ఎక్కడికి వెళతాడో తెలుసు, అంతే. పొద్దున్న ఆ జీళ్ళు అందరూ తిన్నారు. ఆ పొద్దున్నే, అక్టోబరు 16న, కొత్త విధానంలో ప్రైవేటు మద్యం షాపులు తెరిచారు. రూ. 99కే క్వార్టర్ అని ఊరంతా ఒకటే మాట. తెరిచి ఉన్న మా గేటు లోంచి ఆ మాటలు స్పష్టంగా వినిపించేవి.

డిసెంబరులో మందుల లెక్క తేడా వచ్చింది. సాయంత్రం బ్యాంకులో నగదు లెక్కపెట్టి మూసినట్టు నేను మందుల బీరువా కూడా లెక్కపెట్టించేవాడిని. వణుకు తగ్గడానికి ఇచ్చే క్లోర్‌డయాజెపాక్సైడ్ గుళికలు మూడు వారాల్లో పద్నాలుగు తక్కువ. తేడా పడిన రోజులన్నీ ఒకే మనిషి రాత్రి డ్యూటీలు. గాలిలోంచి ఇటుకలు అందించినతను. ఆరేళ్ళ కిందట మాస్టారి దగ్గర మానేసి, అక్కడే ఉండిపోయినవాడు. బీరువా తాళంచెవుల్లో రెండోది అతనికిచ్చింది నేనే. నర్సు దగ్గరే ఉండాలి అది. నమ్మకం కొద్దీ ఇచ్చాను.

తలుపు వేసి అడిగాను. దాచలేదు. "తాగలేదు బాబూ, ఒట్టు. నిద్ర పట్టడం లేదంతే." ఎన్నాళ్ళ నుంచి అంటే, కూతురి పెళ్ళి అప్పు దగ్గర నుంచి అన్నాడు. పన్నెండు గంటల రాత్రి డ్యూటీలు, పద్దెనిమిదో తేదీ జీతం. ప్రతి ఏడాది అతను మానేసిన తేదీకి కేకు కోసి అందరం తినేవాళ్ళం. కేకు తిన్నాం గానీ, నీకెలా ఉంది అని ఆ ఆరేళ్ళలో ఎవరమూ అడగలేదు. అతను వాళ్ళని చూసుకునేవాడు, కాబట్టి బాగున్నాడనుకున్నాం.

బ్యాంకులో అయితే నాకు దారి తెలుసు: సస్పెన్షను, విచారణ, ఫైలు. బావమరిది గారు పోలీసులకివ్వాలన్నారు. డాక్టరు సభ్యుడు ఎవరికీ తెలియకుండా పంపించేద్దామన్నారు. నేను రెండు రోజులు నిద్రపోలేదు, నా దగ్గర బీరువా తాళంచెవి మాత్రం ఉంది. చివరికి ఇలా తేల్చాం: వార్డు నుంచి తప్పిస్తాం, విశాఖలో వేరేచోట వైద్యం, మా దగ్గర వద్దు, తను చూసుకున్నవాళ్ళ మధ్య తను మంచం ఎక్కలేడు. ఆ రోజులకి సగం జీతం. తిరిగొస్తే ఉద్యోగం ఉంటుంది, బీరువా దగ్గర కాదు. మినిట్స్‌లో రాశాను, సంతకాలు చదివి పెట్టించాను. తాళంచెవి ఇచ్చింది కార్యదర్శి తప్పు, అంటే ఆ కుర్చీలో ఉన్న నా తప్పు, అని కూడా రాశాను. అతను సరేనని వెళ్ళి తొమ్మిది రోజులు ఎవరికీ కనిపించలేదు. పదో రోజు వాళ్ళావిడ తీసుకొచ్చింది. విశాఖ బస్సు ఎక్కించేటప్పుడు ఆవిడ నాతో మాట్లాడలేదు.

ఈ సంగతి చెప్పడానికి మాస్టారింటికి వెళ్ళాను. చక్రాల కుర్చీలో కూర్చుని అంతా విన్నారు. చాలాసేపు ఆగి, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని, "నా దగ్గరైతే వాడు జారేవాడు కాదు" అన్నారు. కావచ్చు. ఆయన అర్ధరాత్రి లేచి వచ్చి వాడి పక్కన కూర్చునేవారేమో. నేను గుళికలు లెక్కపెట్టాను. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

పది రోజులనుకున్నది రెండేళ్ళు కావస్తోంది. ఇటుకలు అందించినతను తిరిగొచ్చాడు, పగటి డ్యూటీ, వెళ్ళిపోయినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి చూసి రావడం అతని పని. రిజిస్టరులో ఇంటింటి లెక్క ఇప్పుడు ఫోను మీద ఆధారపడటం లేదు. నాకు అరవై అయిదు దాటాయి, మొన్న వేసవిలో గుండెకి స్టెంటు వేశారు. ఆసుపత్రి మంచం మీద మెలకువ రాగానే దిండు కింద తడుముకున్నానట, మా ఆవిడ చెప్పి నవ్వింది. ఇంటికి రాగానే చిన్న కౌన్సెలరుని పిలిచి, ఈ కుర్చీ నువ్వు తీసుకో అమ్మా అన్నాను. ముప్ఫై ఒక్కేళ్ళు, సామాజిక సేవలో పీజీ (ఎంఎస్‌డబ్ల్యూ) చదివింది, ఆమెకన్నా ఆ ఇల్లు తెలిసినవాళ్ళు లేరు.

వారం తర్వాత ఒక కాగితం తెచ్చింది. మూడు షరతులు. జీతాలు ఒకటో తేదీన ఇవ్వాలి, దానికి మూడు నెలల డబ్బు ముందే పక్కన ఉండాలి. రాత్రి ఫోను వంతులవారీగా నలుగురి దగ్గర ఉండాలి, కార్యవర్గ సభ్యులకి కూడా వంతు ఉంటుంది. మూడోది, నేను గౌరవ సలహాదారుగా ఉండవచ్చు గానీ, పిలిస్తే తప్ప కేంద్రానికి రాకూడదు, ఆదివారాలు అసలే రాకూడదు.

మొదటి రెండూ కార్యవర్గం ఆమోదించింది. బావమరిది గారు శుక్రవారం రాత్రి వంతు తీసుకున్నారు. మూడోదాని మీద ఆదివారం పొద్దున్న ఒక్క గంటకైనా ఒప్పుకోమని నేను బేరమాడుతున్నాను. ఆమె ఒప్పుకోవడం లేదు.